ఇరవై మూడో వరస

నంబరు వారీగా రాయాలి. రాసిన పది రోజుల్లో తర్వాతి నంబరుకి పంపాలి. చదువు, పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, ఒంట్లో ఎలా ఉంది, అన్నీ రాయాలి. గొప్పలు రాయకూడదు. పచ్చడి చేతులతో ముట్టుకోకూడదు. రాసినవాళ్ళకి ‘పి’ వేయాలి, రాయనివాళ్ళకి ‘ఎ’ వేయాలి. వరసగా మూడు ‘ఎ’లు పడితే మిగిలినవాళ్ళంతా కలిసి ఆమె ఇంటికి వెళ్ళి తలుపు తట్టాలి.

నేను ఒక హాజరుపట్టీని. పైన ఉన్న మాటలు పదో తరగతి ఆడపిల్లలు నా మొదటి పేజీలో రాసుకున్నవి. నేను పుట్టింది బెజవాడలో ఒక అచ్చాఫీసులో. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపి, వెన్నుకి నీలం గుడ్డ అంటించి, బరువు కింద నొక్కి ఆరబెట్టారు. అక్కడినుంచి గుంటూరు జిల్లాలో ఒక బాలికల హైస్కూలుకి వచ్చాను. కనకవల్లి టీచరు బల్ల సొరుగులో, వాడుకలో ఉన్న పట్టీ కింద, ఖాళీగా పడి ఉన్నాను. రాత లేకపోయినా వినికిడి ఉండేది.

టీచరు తల ఎత్తకుండా పేర్లు పిలిచేది. “ప్రెజెంట్ టీచర్” అని గొంతు వినపడితే చాలు, మొహంతో ఆమెకి పని లేదు. మూడు రోజులు గొంతు వినపడకపోతే మాత్రం సాయంత్రం చేతిసంచి తగిలించుకుని ఆ పిల్ల ఇంటికి నడిచి వెళ్ళేది. గుమ్మంలో నిలబడితే కదిలేది కాదు. అలా పెళ్ళి మాటల మధ్యనుంచి, పొలం పనుల మధ్యనుంచి పిల్లల్ని వెనక్కి తెచ్చిందని ఊళ్ళో చెప్పుకునేవారు.

ఇరవై రెండో నంబరు హైమావతి. ఇరవై మూడు దాసరి మస్తానమ్మ. ఇద్దరిదీ ఒకే బెంచీ. పదో తరగతి జనవరిలో ఒకరోజు ఇంటర్వెల్‌లో, సొరుగు పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు.

“మా అమ్మకి చేతగావట్లేదే. మేడికొండూరు వైపు మిరప కోతలకి పోతన్నాం. టీచరు ఇంటికొచ్చిందంటే మా నాన్న నన్ను తంతాడు. నా పేరుకి నువ్వు పలుకు,” అంది మస్తానమ్మ.

“ఎన్ని రోజులే?”

“నేనొచ్చేదాకా.”

హైమావతి నమ్మకమైన పిల్ల. వాళ్ళింట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషి. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప ఆమెకి ఇంకో విద్య తెలియదు. తన పేరుకి మామూలుగా పలికి, తర్వాతి పేరుకి తల వంచి కాస్త బొంగురుగా పలికేది. నలభై ఒక్క రోజులు పలికింది. నా పైనున్న పట్టీలో నలభై ఒక్క ‘పి’లు పడ్డాయి. కాబట్టి టీచరు చేతిసంచి మేకుకి వేలాడుతూనే ఉంది.

వీడ్కోలు రోజున హాల్‌టికెట్లు పంచారు. మస్తానమ్మది హైమ అందుకుంది. అదే రోజు టీచరు నన్ను సొరుగులోంచి తీసి క్లాసు లీడరు ఝాన్సీ చేతిలో పెట్టింది. “పెద్దయ్యాక కూడా హాజరు వేసుకోండే” అంది. అందరూ నవ్వారు. పదిహేను రోజుల తర్వాత పరీక్ష హాల్లో ఒక బెంచీ సగం ఖాళీగా ఉంది. పెళ్ళి చేశారట, అన్నారు ఎవరో. ఆ మాట తర్వాత ఇంకెవరూ ఏమీ అడగలేదు. హాల్‌టికెట్టు మాత్రం హైమ నా పేజీల మధ్య పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఫోటోలో రెండు జడలు, ఎవరో కసిరితే బిగుసుకున్నట్టున్న మొహం.

అక్కడినుంచి నా ప్రయాణం. ముప్పై ఒక్కమంది చేతులు దాటేసరికి ఏడాది పట్టేది. పోస్టులో వెళ్ళాను, బస్సు కండక్టర్ల చేతుల్లో వెళ్ళాను, ఒకసారి పెళ్ళిపట్టుచీరల మధ్య వెళ్ళాను. నాకు రెండుసార్లు కొత్త కాగితాలు కలిపి కుట్టించారు. మనుషులు తమ బతుకులు ఎవరికి వారికే ప్రత్యేకం అనుకుంటారు. నా లోపల చూస్తే అంతా ఒకే పాఠం. ఇరవైల్లో అందరివీ పెళ్ళిళ్ళు. ముప్పైల్లో అందరి పిల్లలకీ ఫస్టు ర్యాంకే, రెండో ర్యాంకు ఎవరికి వచ్చేదో నాకు తెలియదు. నలభైల్లో షుగరు మాత్రలు, థైరాయిడు, గర్భసంచి తీసేశారు, మావారికి బదిలీ. తమ గురించి గొప్పలు రాయకూడదన్న నియమాన్ని ఝాన్సీ తప్ప అందరూ పాటించారు. ఆమె హెడ్‌మిస్ట్రెస్ అయిన ఏడాది రెండు పేజీలు తీసుకుంది.

మస్తానమ్మ ఉండే చోటికి పోస్టు సరిగా వెళ్ళదని మొదట్లోనే చిరునామా ‘కేరాఫ్ హైమావతి’ అని రాశారు. అందుకని నేను హైమ ఇంటికి వెళ్ళి, అక్కడినుంచే ఇరవై నాలుగో నంబరు నూర్జహాన్‌కి వెళ్ళేదాన్ని.

మొదటి ఏడాది హైమ తన వరస రాసి, పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసింది. తర్వాత అక్షరాలు ఎడమకి వాల్చి ఇరవై మూడో వరసలో ‘క్షేమం. కుట్టు నేర్చుకుంటున్నాను’ అని రాసింది. గడిలో ‘పి’ వేసింది.

తర్వాత అది ఆగలేదు. మస్తానమ్మకి కుట్టు మిషను వచ్చింది, ఒక కూతురు పుట్టింది, బజారులో చిన్న కొట్టు వచ్చింది. కూతురు నర్సింగులో చేరింది. హైమ నిజాయితీగల మనిషి కాబట్టి ఆమెకి మేడలూ కార్లూ ఇవ్వలేదు. మోకాలి నొప్పి కూడా ఇచ్చింది. తన వరసలో మాత్రం ఒక్క ముక్కతో సరిపెట్టేది. డిగ్రీ పాసైన ఏడాది ‘క్షేమం’. మండలాఫీసులో ఉద్యోగం వచ్చిన ఏడాది ‘క్షేమం’. నాన్న పోయిన ఏడాది, భర్త వేరే కాపురం పెట్టిన ఏడాది కూడా ‘క్షేమం’. ఆ ఏడాదే ఇరవై మూడో వరసలో నాలుగు లైన్లు ఉన్నాయి. ఝాన్సీ అంచున రాసింది: ‘మస్తానూ, నాకూ రెండు జాకెట్లు కుట్టిపెట్టవే, ఇక్కడి టైలరు నన్ను బస్తాలాగా చేశాడు.’

ఒక్క ‘ఎ’ కూడా లేదు కాబట్టి ఎవరూ ఎవరి తలుపూ తట్టలేదు.

ముప్పై ఆరేళ్ళకి అందరూ బడిలో కలిశారు. ఆదివారం పొద్దున. సగం మందికి కింద కూర్చుంటే లేవడం కష్టమని బెంచీలు వేయించారు. ఝాన్సీ కుర్చీలో కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకుని, కనకవల్లి టీచరులాగా తల ఎత్తకుండా పిలిచింది. గొంతులు బొంగురుపోయినా అందరూ చిన్నపిల్లల్లాగే లేచి పలికారు.

“ఇరవై రెండు.”

“ప్రెజెంట్ టీచర్.”

“ఇరవై మూడు. దాసరి మస్తానమ్మ.”

“ప్రెజెంట్ టీచర్.”

హైమ అనాలని అనలేదు. నోరు అలవాటుగా అనేసింది. ఝాన్సీ తల ఎత్తింది. ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు.

“ఏందే, ఇంకా దాని బదులు నువ్వే పలుకుతన్నావా? అదేది, రాలేదా?”

“రాలేదు,” అంది హైమ. “నాకు తెలీదు. అప్పట్నుంచీ నేను చూళ్ళేదు. అందులో రాసిందంతా నేనే.”

నూర్జహాన్, ఆసుపత్రిలో హెడ్ నర్సు, ఎప్పుడూ జోకులేసే మనిషి, మెల్లగా అంది: “రాత నీదని నాకు తెలుసే. వాల్చి రాసినా ‘క్షేమం’లో షా వత్తు నీదే. అది చెప్తంటే నువ్వు రాస్తన్నావనుకున్నా. చేతికి తీరిక లేదేమోలే అనుకున్నా.”

“దాని అత్తారి ఊరి పేరన్నా తెలుసా?” అంది ఝాన్సీ.

“తెలుసు. వాళ్ళమ్మ చెప్పింది. బస్సులో గంట కూడా పట్టదు.”

“మరి ఎందుకు పోలేదే?”

హైమ నేల చూసింది. “నేను పలక్కపోతే టీచరు పోయేది. ఆ సంగతి దాని మొహం చూసి చెప్పాలి గదా.”

ఎవరూ తిట్టలేదు. నూర్జహాన్ పులిహోర బాక్సులకి మూతలు పెట్టేసి, “లేవండే, నియమం నియమమే,” అంది. రెండు ఆటోలు, ఒక వ్యాను. నేను హైమ ఒళ్ళో ఉన్నాను. దారిపొడవునా కళ్ళాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అందరూ తుమ్మారు.

ఊళ్ళో అడిగి మస్తానమ్మ అత్తారిల్లు చేరేసరికి ఆమె తోడికోడలు వాకట్లో కాయలకి తొడిమెలు తీస్తోంది. ఇంతమంది ఆడవాళ్ళని చూసి లేచి నిలబడింది.

“మస్తానమ్మా? పోయి పదకొండేళ్ళయిందమ్మా. కామెర్లు. మీరెవరు?”

“బడిలో తనతో చదువుకున్నాం,” అంది ఝాన్సీ.

ఆమె అందర్నీ ఒకసారి చూసింది. కోపం లేదు. “ఇప్పుడొచ్చారా,” అంది. “పెళ్ళయిన కొత్తల్లో రోడ్డు మీద చేతిసంచితో ఆడమనిషి ఎవరు బస్సు దిగినా పరిగెత్తి చూసేది. మూడు రోజులు బడికి పోకపోతే టీచరొచ్చిద్దక్కా, అనేది. చాన్నాళ్ళు అంది. తర్వాత అనటం మానేసింది.”

“పిల్లలు?” అడిగింది నూర్జహాన్.

“నిలవలేదు. మందు డబ్బాల మీద రాసింది చదివి వాడలో అందరికీ చెప్పేది. ఎంత కలపాలో, ఏ పురుక్కి కొట్టాలో. అది పోయాక మాకు చదివేవోళ్ళు లేరు.”

మంచినీళ్ళిచ్చింది. తాగారు. కుట్టు మిషను, కొట్టు, నర్సు కూతురు ఆ వాకట్లో ఎక్కడా లేవు.

తిరిగి బడికి వచ్చాక ఝాన్సీ పర్సులోంచి ఎర్ర పెన్ను తీసింది. చనిపోయిన పేరు మీద గీత గీయడం హెడ్‌మిస్ట్రెస్‌కి అలవాటైన పనే.

“కొట్టెయ్యబాక,” అంది హైమ. “ఇటియ్యి.”

ఎర్ర పెన్ను తీసుకుని ఇరవై మూడో వరసలో మొదటి గడి దగ్గర మొదలుపెట్టింది. ప్రతి ‘పి’నీ సున్నాలో చుట్టి పక్కన ‘ఎ’ వేసింది, వాల్చకుండా, తన రాతలోనే. ముప్పై ఆరు గళ్ళు. ఎవరూ ఆపలేదు. ఏడవలేదు కూడా. నిబ్బు గుచ్చుకున్నచోట కాగితం కొంచెం లేచింది, అంతే. నాకు అంతకన్నా ఏమీ తెలియలేదు. చివరి గడి అయ్యాక ఆమె తన వరసకి వెళ్ళింది. ముప్పై ఆరు ‘క్షేమం’లు ఉన్నాయి. వాటిని చూసింది. వాటిని దిద్దలేదు.

ఇప్పుడు నేను అదే బడిలో, అద్దాల బీరువాలో, గెలిచిన షీల్డుల పక్కన ఉన్నాను. నన్ను ఇంక ఎవరికీ పంపడం లేదు. వాళ్ళ కబుర్లన్నీ ఫోన్లలోకి వెళ్ళాయి. అక్కడ రోజూ పొద్దున్నే పూలబొమ్మలు పెట్టుకుంటారని, ఇప్పుడు ఎవరైనా మూడు రోజులు పెట్టకపోతే నూర్జహాన్ బస్సెక్కుతుందని, బీరువా తుడవడానికి వచ్చే ఆయా చెప్పగా విన్నాను.

మీరెప్పుడైనా ఈ బడికి వస్తే బీరువా తాళం అడగండి, ఇస్తారు. ఇరవై మూడో వరస దగ్గర ఆగండి. హాల్‌టికెట్టు అక్కడే ఉంటుంది. ఆ పిల్ల పేరు దాసరి మస్తానమ్మ. ఆమె బదులు మీరు పలకవద్దు. రాలేదని మాత్రం గుర్తుపెట్టుకోండి.