సంతకం అక్కర్లేని కౌంటర్

పుస్తకం వెనకట్ట తెరిచి, కాగితపు జేబులోంచి, తీసుకెళ్లినవాళ్లు సంతకాలు పెట్టే కార్డు లాగి అట్టపెట్టెలో పడేసింది విమలకుమారి. ఆ చోట నల్లగీతల చీటీ అంటించి బొటనవేలితో గట్టిగా రుద్దింది. గీతలు వంకరపోతే మెషీన్ చదవదని లైబ్రేరియన్ మార్గరెట్ ఒక్కసారే చెప్పింది. అప్పట్నుంచి విమలకు అదే దిగులు. తను వంకరగా అంటించిన ఒక్క చీటీతో చాండ్లర్ ఊరి పుస్తకాలన్నీ కలగాపులగమైపోతాయనీ, అందరూ తననే వేలెత్తి చూపిస్తారనీ. గోళ్ల సందుల్లో జిగురు ఎండి తెల్లగా పొరలు కట్టింది. చీర పిన్ను ఊడకుండా పైన వేసుకున్న స్వెట్టరు మోచేతుల దగ్గర పలచబడింది. బయట ఆగస్టు ఎండ మండిపోతున్నా లోపల ఏసీకి ఆమెకు మోకాళ్లు లాగుతాయి.

కార్డులన్నీ సాయంత్రానికి ముక్కలైపోతాయి. ఎవరు ఏం చదివారో ఇంకొకరికి తెలియకూడదని మార్గరెట్ మాట. ఈ ఎనభై ఆరులో కూడా పేర్లన్నీ అట్టల వెనక బయటపెట్టుకుని కూర్చోవడమేమిటని ఆమె చిరాకు. ఇకనించీ పుస్తకం తిరిగి రాగానే మెషీన్ మనిషి పేరు మర్చిపోతుంది. రాకముందు మాత్రం తెర మీద కనిపిస్తుంది గానీ, పనికి తప్ప చూడకూడదు. తల్లయినా, తండ్రయినా, పోలీసులయినా అంతే.

తల్లయినా అన్నప్పుడు మార్గరెట్ తనకేసే చూసిందని విమలకు అనుమానం.

కూతురు దెబోరాకు అయిదేళ్లప్పుడు ఈ కౌంటర్ దగ్గరే మొదటి లైబ్రరీ కార్డు ఇచ్చారు. పేరు రాయగలిగిన పిల్లలకే ఇస్తామన్నారు. ఇంగ్లీషు ఎలాగూ స్కూల్లో నేర్పుతారు కదా అని, వంటింటి బల్ల మీద బైబిలు ముందుపెట్టుకుని విమల నేర్పింది తెలుగు అక్షరాలే. పిల్ల మునివేళ్ల మీద నిలబడి, నాలుక బయటపెట్టి, దెబోరా అని రాసింది. బో మీద ఓత్వం టోపీలా ఎగిరిపోయింది. రా దీర్ఘం గడి దాటి పక్కకు పాకింది. ఇది రాతేనా అని అప్పటి లైబ్రేరియన్ కార్డు తిప్పి తిప్పి చూసింది. విమల వేలు పెట్టి చదివి వినిపించింది. పదో క్లాసుతో ఆగిన తన చదువు ఈ దేశంలో పనికొచ్చింది ఆ ఒక్కరోజే అనుకుంటుంది.

ఆ తర్వాత ఇంగ్లీషు వచ్చినా పిల్ల లైబ్రరీలో తెలుగులోనే సంతకం పెట్టేది. విమల ఇక్కడ పుస్తకాలు సర్దే పనిలో చేరాక, ఏ అట్ట తెరిచినా ఎక్కడో ఆ టోపీ కనిపించేది. గుర్రాల పుస్తకం మీద కనిపిస్తే పిల్ల గుర్రం మీంచి పడినట్టు కలలొచ్చేవి. రక్తం జబ్బుల పుస్తకం మీద కనిపించిన వారం, నిద్రపోతున్న పిల్ల మెడ తడిమి గడ్డలు వెతికింది. అది స్కూలు రిపోర్టు కోసమని తెలిశాక భర్త దేవకుమార్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు భయపడనిది ఇంకా ఏమైనా మిగిలిందా, విమలా?" అన్నాడు. అయినా ఆ టోపీ కనిపించినంతకాలం ఆమెకు ఓ ధైర్యం ఉండేది. భయపడటానికైనా ఏదో ఒకటి తెలిసేది.

ఇప్పుడు అదీ లేదు. నెలరోజులుగా దెబోరా గది తలుపు మూసి ఉంటోంది. లోపల ఒక లైబ్రరీ పుస్తకం, సరుకుల సంచి గోధుమరంగు కాగితంతో అట్ట వేసి ఉంది. ఏం పుస్తకమే అంటే "జస్ట్ ఎ బుక్, అమ్మా" అంది. ఈ సాయంత్రం ఫ్లైట్‌కి నార్త్ కరోలినా కాలేజీకి వెళ్తోంది. ఎవరన్నా అబ్బాయా, ఏదన్నా జబ్బా, చర్చి మానేస్తుందా అని విమల రాత్రి ప్రార్థనలో ఒక్కొక్కటీ దేవుడికి విడివిడిగా చెప్పుకుంది.

మధ్యాహ్నం మార్గరెట్ భోజనానికి వెళ్లింది. కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. విమల తెర ముందు కూర్చుంది. కూతురి కార్డు నంబరు ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కో అంకే నొక్కింది. తెర మీద పచ్చగా వెలిగాయి. చివరి అంకె దగ్గర వేలు ఆగింది.

అప్పట్లో కార్డుల మీద సంతకాలు పిల్ల తనంతట తాను పెట్టినవి. అమ్మ ఇక్కడే పని చేస్తుందని తెలిసి, అమ్మకు చదవడం వచ్చని తెలిసి పెట్టింది. ఈ తెర మీద పిల్ల ఏమీ పెట్టలేదు.

పచ్చటి అంకెలు ఒక్కొక్కటే చెరిపేసింది. స్వెట్టరు చేతులు కిందికి లాక్కుని మళ్లీ జిగురు సీసా అందుకుంది.

నాలుగింటికి బయట కారు ఆగింది. దేవకుమార్ ఇంజన్ ఆపలేదు. తలుపు పక్కన గోడలోని కంతలోంచి వాపసు పుస్తకం ఒకటి లోపలి పెట్టెలో దబ్బుమని పడింది. తర్వాత దెబోరా ఖాళీ చేతులతో లోపలికి వచ్చింది. నడుస్తూ నడుస్తూ, కౌంటర్ మీద తాడు కట్టి ఉన్న పెన్ను అలవాటుగా చేతిలోకి తీసుకుంది. రాయడానికి ఏమీ లేదు. వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడింది.

"చూసావా అమ్మా? స్క్రీన్‌లో?"

"లేదు."

"నిజం?"

"చివరి అంకె నొక్కలేదు."

దెబోరా నవ్వబోయింది, నవ్వలేదు. కౌంటర్ మీంచి వంగి తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. జుట్టులో పెట్టెలు సర్దిన దుమ్ము వాసన.

"నాకేం అవ్వలేదు. ఓకే? భయపడకు."

"స్వెట్టర్ హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకో. విమానంలో చలేస్తుంది. దిగగానే ఫోన్ చెయ్యి. ఎవరేం ఇచ్చినా తినకు."

"సరే అమ్మా."

హారన్ చిన్నగా మోగింది. గాజు తలుపు తెరుచుకుని ఎండ లోపలికి వచ్చి, మళ్లీ మూసుకుంది.

విమల వాపసు పెట్టె దగ్గరకు వెళ్లింది. పొద్దుట్నుంచీ పడ్డ పుస్తకాలతో సగం నిండి ఉంది. పైది కూతురిదే అవ్వాలి గానీ, పడ్డ ఊపుకి కుప్ప జారి ఒకదాంట్లో ఒకటి దూరిపోయాయి. గోధుమరంగు కాగితం ఏదాని మీదా లేదు. ఒక్కోటీ తీసి మెషీన్‌కి చూపించింది. పారాచ్యూట్‌తో దూకడం. కేకులు చేయడం. ఒంటరిగా ప్రయాణం. చర్మవ్యాధులు. నక్షత్రాలు. ఒక్కోదానికీ కీచుమని చప్పుడు, తెర మీద పుస్తకం పేరు, అంతే. ప్రతి పుస్తకాన్నీ పైటకొంగుతో తుడిచింది. పారాచ్యూట్‌ది రెండుసార్లు తుడిచింది.

తల ఎత్తేసరికి మార్గరెట్ కార్డుల పెట్టె మోసుకుపోతోంది. కౌంటర్ ఖాళీ. జనం పట్టుకుపోతున్నారని విమలే ఒకప్పుడు ఫాల్ కుట్టే ఎర్రదారం నాలుగు పేటలు పేని కట్టిన పెన్ను, ఎవరో ఇప్పుడే వదిలినట్టు, కౌంటర్ అంచునుంచి వేలాడుతూ కొద్దికొద్దిగా ఊగుతోంది.