ఎడమచేతి ముడి

పొద్దుగూకే వేళకి సుభాషిణి మూడు కంచాలు పెట్టేది. తనకొకటి, మామ చెంగయ్యకొకటి, రెండేళ్ల కిందట చేపల వేటకు పోయి మళ్లీ మైపాడు ఒడ్డెక్కని మొగుడు గణేష్‌కొకటి. శవం దొరకని ఇంట్లో ఆ మనిషికి అన్నం ఆపకూడదని ఆ ఊరి పద్ధతి.

సముద్రం మింగిందేదైనా ఎప్పుడో ఒకప్పుడు వడగళ్ల లోపల గడ్డకట్టి నేలమీద పడుతుంది. అలాగే సముద్రంలో పోయిన చిన్నపోలయ్య పొగాకు డబ్బా బోగోలు ఊరి చేలో పడితే, అతని భార్య తెచ్చుకుని దినం చేయించి, మర్నాడు చేపల గంప ఎత్తుకుంది.

అందుకే ఎండాకాలం ఫోనుకి పిడుగుల హెచ్చరిక రాగానే చెంగయ్య ఆటో తీసేవాడు. సుభాషిణి నెత్తిన సత్తుగిన్నె బోర్లించుకుని వెనక కూర్చునేది. చూసినవాళ్లు నవ్వేవాళ్లు, నవ్వనీ. మబ్బు ఎటు పోతే అటు పోయి, వడగళ్లు ఏరి, కరిగేదాకా చూసేవాళ్లు. ఏమీ లేకపోతే ఆమె ప్రాణం కుదుటపడేది. ఆమె వెతికేది దొరకాలని కాదు, దొరక్కూడదని. దొరకనంత కాలం గణేష్ ఏ పరాయి రేవులోనో బతికున్నట్టే.

మొన్న మే నెలలో వాకాడు దగ్గర మబ్బు నల్లగా కిందికి దిగింది.

"ఈ మబ్బు నాకు బాగా అనిపించలా. ఎనక్కి పోదామా?" అన్నాడు చెంగయ్య.

"ఇంత దూరం వచ్చి ఎనక్కి పోయేదేంది మామా."

ముందు నిమ్మకాయలంత, తర్వాత బత్తాయిలంత వడగళ్లు పడ్డాయి. ఆటో టాపు చిరిగింది, అద్దం పగిలింది. వాన తెరిపిచ్చాక చెంగయ్య దిగి, టైరు పక్కనున్న గడ్డ తీసి చూసి, గుప్పిట మూశాడు.

"ఏముండాది మామా?"

"ఏం లేదమ్మా. ఉత్త మంచుగడ్డ."

ఆ గుప్పిట విప్పకుండానే హ్యాండిల్‌కి ఆనించి ఇంటిదారి పట్టాడు. మంచు కరిగి వేళ్ల సందుల్లోంచి కారింది. కాసేపటికి చిటికెనవేలి కింద నీలం వలతాడు ముక్క వేలాడింది, ముడితో సహా. ముసలాయన చూసుకోలేదు, వెనకనుంచి సుభాషిణి చూసింది. ముడి ఎడమకి తిరిగి ఉంది. ఊళ్లో అలా ముడేసేవాడు గణేష్ ఒక్కడే. చిన్నప్పుడు తండ్రి ఎంత కొట్టినా వాడి ఎడమచేతివాటం మారలేదు.

సుభాషిణి నెత్తిమీది సత్తుగిన్నె తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఇంటికొచ్చి అన్నం వండి, రెండు కంచాలే పెట్టింది.

"ఇంకోటి పెట్టమ్మా," అన్నాడు చెంగయ్య, ఆమె మొహం చూడకుండా.

"చెయ్యి కడుక్కో మామా," అని ఆమె చెంబు వంచింది.

చెంబులో నీళ్లు అయిపోయేదాకా ఆయన గుప్పిట విప్పలేదు.