గుచ్చుకునే స్వరం

మా ఆయనకు వినికిడి బ్రహ్మాండం. ఎదురింటి రేడియోలో ఏ భాగం పోయిందో మంచం మీద పడుకునే చెప్పేస్తారు. వంటింట్లోంచి "గ్యాస్ అయిపోయింది" అని నేను అరిస్తే మాత్రం ఆ చెవులకు సెలవు. వాళ్లన్నయ్య మాట దగ్గరా అంతే.

ఆ బావగారు పెళ్లి హాళ్లలో సింథసైజర్ వాయించి బతికిన మనిషి. ఆ పెట్టె పాడైతే బాగుచేసేది మా ఆయనే. పోయినేడు అందులో ఒక డయోడ్ పోయింది. స్వరం పుట్టినప్పుడు దాని తరంగానికి వాడి కొనలుంటాయట. వాటిని వంచి గుండ్రం చేయడం జంట డయోడ్ల పని. పాతరకం దొరక్క ఈయన కొత్తరకం జంట వేసి ఇచ్చారు.

బావగారు నాలుగు మీటలు నొక్కి, "ఒరేయ్, గుచ్చుకుంటోందిరా," అన్నారు.

"గుచ్చుకోడానికి అదేమన్నా ముల్లా? డయోడంటే డయోడే అన్నయ్యా. నీ చెవులే ముసలివయ్యాయి, చూపించుకో."

ఈయన నవ్వుతూనే అన్నారు. బావగారు నవ్వలేదు, నమ్మారు. చెవుల డాక్టరు "వయసుకు తగ్గట్టే ఉన్నాయండీ" అంటే, అందులో వయసు ఒక్కటే వినబడింది ఆయనకు.

"చెవిటివాడు వాయిస్తే వినేవాళ్లకు శిక్ష కదమ్మా," అని నాతో అని, పెట్టె మీద దుప్పటి కప్పేశారు. ఆ తర్వాత ఆయనా దుప్పటి కిందే ఉన్నట్టుండేవారు. తలుపు తడితే తీసి, "నిజంగానే తట్టావా?" అని అడిగేవారు.

మొన్న అచ్చం అలాంటి పెట్టే ఇంకొకటి, మీటలు అరిగి, మా ఇంటికి రిపేరుకొచ్చింది. ఈయన వాయించి చూస్తుంటే నేను గిన్నెలు తోముతూ, ఒకప్పటి ఆ మెత్తటి స్వరం విని, "బావగారొచ్చారా?" అని కేకేశాను. ఎవరూ రాలేదు. ఆ పెట్టెలో ఇంకా పాత డయోడ్లే ఉన్నాయి.

ఈయన వెళ్లి వాళ్లన్నయ్య పెట్టె మోసుకొచ్చి, రెండింటి తరంగాలనూ గీతలుగా చూపే స్కోపు తెర మీద పెట్టారు. ఒకదాని కొన, నున్నగా దువ్విన తలలా ఉంది. బావగారి పెట్టెది సూది.

"గుచ్చుకోక ఏం చేస్తుంది!" అన్నాను.

ఈయన నిచ్చెన తెచ్చి అటకకు ఆనించారు. ఈసారి వినబడిందన్నమాట.

అటక మీది పాత రేడియో విప్పి, అందులోని పాతరకం డయోడ్లు వేసి, పెట్టె మళ్లీ బావగారి గదికి చేర్చాం.

"వాయించన్నయ్యా."

బావగారు వాయించారు. గది నిండా అదే పాత మెత్తటి స్వరం.

"ఎలా ఉంది?"

బావగారు తమ్ముడి మొహంలోకి చూశారు, పరీక్షలో పక్కవాడి పేపరులోకి చూసినట్టు. "నువ్వే చెప్పరా. నువ్వెలా ఉందంటే అలాగే ఉంది."

"అది కాదన్నయ్యా, నీకెలా వినిపిస్తోంది?"

"నాకు వినిపించేదాన్ని నేను నమ్మడం మానేశాగా. ఆ దుప్పటి ఇటివ్వు."

మా ఆయన దుప్పటి ఒక కొస పట్టుకున్నారు. బావగారు రెండో కొస లాగారు. ఈయన వదల్లేదు.

"నీ చెవులు బాగానే ఉన్నాయి. అది గుచ్చుకుంది, నిజంగానే గుచ్చుకుంది. తప్పు నాదన్నయ్యా."