ఒకే టీచరమ్మకు రెండు ధర్నాలు

ఆ సోమవారం రిలీవింగ్ కాగితం తీసుకుని, పిల్లలకు చాక్లెట్లు పంచి, మధ్యాహ్నం బస్సుకు హన్మకొండ వెళ్ళిపోవాలని భారతి టీచర్ అనుకుంది. గుండ్లవాగు బడి ముందు ఆటో దిగేసరికి డప్పులు మోగుతున్నాయి. వీడ్కోలు కాబోలు, ఇంత హంగామా ఎందుకు పెట్టారో అని సిగ్గుపడుతూనే గేటు దాటింది.

"ఆపిచ్చినం టీచరమ్మా! నీ ట్రాన్స్‌ఫర్ ఆపిచ్చినం!" అంటూ రహీమాబీ పరుగున ఎదురొచ్చి ఆమె మెడలో బంతిపూల దండ వేసింది.

భారతి చాక్లెట్ల సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

రహీమాబీ ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె మాటంటే ఊళ్ళో ఆడవాళ్ళకు ఆర్డరే. భారతికి చెప్పకుండానే శనివారం అందరినీ ట్రాక్టరెక్కించి మండల విద్యాధికారి ఆఫీసు ముందు కూర్చోబెట్టింది. ఎండలో కూర్చుని అరిచీ అరిచీ వాళ్ళ గొంతులు పోయాక ఆ అధికారి బయటికొచ్చి, ఇంకో టీచర్ వచ్చేదాకా ఈమెను పంపబోమని మాటిచ్చాడు. ఇంకో టీచర్ ఎప్పుడొస్తుందో ఆ పైవాడికి కూడా తెలియదు. ఊళ్ళో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతూ పేపరుకు వార్తలు పంపే రాకేష్, 'మా టీచరమ్మ మాకే కావాలి' అని ఫొటోతో సహా వేయించాడు. ఆ పేజీని బడి తలుపుకు అంటించారు.

అంతా బాగానే ఉంది. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఆ బదిలీ అడిగి పెట్టుకున్నది భారతే.

హన్మకొండలో చదువుకునే ఆమె కూతురు అక్షరకు ఫిట్స్ వస్తాయి. భర్త ఉద్యోగం రామగుండంలో. పిల్లకు వచ్చినప్పుడల్లా ఫోన్ వచ్చేది భారతికే. గుండ్లవాగు నుంచి ఆటో పట్టి, బస్సు మారి ఆమె చేరేసరికి పిల్ల పక్కింటివాళ్ళ ఒళ్ళో నిద్రపోతూ ఉంటుంది. ఇంటికి దగ్గర్లోనే, హసన్‌పర్తి దగ్గర ఖాళీ పడిందని తెలియగానే వెనకాముందూ చూడకుండా పెట్టుకుంది, వచ్చింది కూడా. వచ్చిన రోజు పిల్లలు బావురుమన్నారు. "నిన్ను పంపేటోడు ఎవడో నేను చూస్త" అని రహీమాబీ చీర కొంగు నడుముకు చుట్టింది. అప్పుడే చెప్పాల్సింది. బదిలీ అంటే పైవాళ్ళు చేసే అన్యాయమనే ఆ ఊరికి తెలుసు. అంతమంది తన కోసం ఏడుస్తుంటే, పోతానని అడిగింది నేనే అనడానికి భారతికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, ఆ ఏడుపు చూస్తుంటే ఆమెకు లోపలెక్కడో హాయిగా కూడా అనిపించింది.

ఇప్పుడు మెడలో దండతో నిలబడి నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? సంతోషించాలో, తల గోడకేసి కొట్టుకోవాలో అర్థం కాలేదు. క్లాసులోకి వెళ్ళి, పక్క వరుసకు వచ్చిన అంకె కలపకుండా బోర్డు మీద కూడిక తప్పుగా వేసింది. రహీమాబీ మనవరాలు మెహ్జబీన్ లేచి, "మేడం, అచ్చినై మర్చిపోయినవ్" అంది. బడి మొత్తం నవ్వింది. వీళ్ళ మీద కోపం వచ్చింది, ఆ వెంటనే ఆ కోపం తన మీదికే తిరిగింది. ఇంత ప్రేమను ఏం చేసుకోవాలో తెలియక మధ్యాహ్నం దాకా ఆగమాగమైపోయింది.

ఆ రోజు బగారా అన్నం వండారు. రహీమాబీ పళ్ళెం నింపి చేతికిస్తుండగా భారతి ఫోన్ మోగింది. అక్షర వాళ్ళ స్కూలు నుంచి. పిల్లకు ఫిట్స్ వచ్చాయట, ఎంతకీ తగ్గడం లేదట, దవాఖానకు తీసుకుపోతున్నారట.

భారతి పళ్ళెం కింద పెట్టి గేటు వైపు ఉరికింది. రోడ్డు మీద ఆటో లేదు.

"ఏమైంది టీచరమ్మా? జర ఆగు, రాకేష్‌ను పిలుస్త. ఫికర్ చెయ్యకు" అంటూ రహీమాబీ వెనకే వచ్చింది.

"గిందుకేనక్కా నేను అడిగింది!" భారతి ఏడుస్తూ అరిచేసింది. "ఎవ్వలు పంపలే నన్ను. నేనే అడిగిన. బిడ్డకు దగ్గరుంటనని అడిగి తెచ్చుకున్న. మీరేమో ఆపిచ్చిండ్రు!"

భోజనానికి కూర్చున్న డప్పులవాళ్ళు తినడం ఆపేశారు. రహీమాబీ రాకేష్‌కు ఫోన్ చేసింది. రాకేష్ బండి తెచ్చాక ఆమె భారతి మెడలోని దండ తీసి తన చేతికి చుట్టుకుంది.

"ముందైతే నువ్ పో" అంది.

దవాఖానలో అక్షర కోలుకుంది. తల్లి పక్కనే పడుకుని కార్టూన్లు చూస్తోంది. భారతికి మాత్రం కుదురు లేదు. గుండ్లవాగు నుంచి ఒక్క ఫోన్ రాలేదు. రహీమాబీకి చేస్తే ఎత్తలేదు. కోపమా? అవమానమా? నిజం దాచి తమను అంత ఎండలో కూర్చోబెట్టిందనుకున్నారా? అనుకుంటే మాత్రం తప్పేముంది?

గురువారం పొద్దున పేపరు ముక్క ఫొటో ఒకటి ఎవరో ఆమె ఫోన్‌కు పంపారు. పైన ఇంత లావు అక్షరాలు: 'ఈ టీచరమ్మ మాకొద్దు!' కింద అదే ఆఫీసు గేటు, అవే చీరలు. ముందు నిలబడి నోరంతా తెరిచి అరుస్తున్నది రహీమాబీ.

ఇన్నేళ్ళు ముక్కులు తుడిచి అక్షరాలు దిద్దించిన ఊరు! ఒక్క మాట దాచినందుకు ఇంత పనా? భారతి రాకేష్‌కు ఫోన్ కలిపింది.

"ఏందిది రాకేష్? అంత చెడ్డదాన్నయిన్నా నేను?"

"అయ్యో, గట్ల కాదు మేడం" అన్నాడు రాకేష్. "నిన్న మల్ల పోయినం. టీచరమ్మను పంపుండ్రి సారూ, బిడ్డకు పానం బాగుంటలేదని మొక్కినం. సారు ఇననే లేదు. మొన్న కావాలంటిరి, ఇయ్యాల పంపుమంటిరి, నేనేమన్న పిచ్చోన్నా అన్నడు. ఊరోళ్ళే వద్దంటాండ్రని రాసిస్తే తప్ప నేను ఇడువనన్నడు. మేమందరం తలకాయలు దించుకున్నం. రహీమక్క ఒక్కతే గేటు కాడికి పోయి ఒర్రింది, మాకీ టీచరమ్మ వద్దని. ఒర్రుకుంటనే ఏడ్చింది మేడం. మేం గదే రాసిచ్చినం. నేను ఉన్నదున్నట్టే రాసి పంపిన. పేపరోళ్ళు గా ఒక్క మాటే పైన పెట్టిండ్రు."

భారతి ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

"నీ రిలీవింగ్ కాగితం తయారైంది, రేపు ఆఫీసుల తీస్కోమన్నరు" అన్నాడు రాకేష్.

"రహీమక్క ఫోన్ ఎత్తుతలేదు."

"ఎత్తది మేడం. నీ గొంతు ఇంటే మల్ల పోనియ్య బుద్ధి కాదంటాంది."

ఫోన్ పెట్టేసి భారతి ఆ ఫొటోను పెద్దది చేసి చూసింది. ఇందాక కోపంతో ఎర్రబడినట్టు కనిపించిన ముఖమే. అంతసేపు తనకు ఆ కన్నీళ్ళు ఎందుకు కనిపించలేదో భారతికి అర్థం కాలేదు. దుఃఖం ఆగలేదు. పక్కనుంచి అక్షర, "ఎవరమ్మా ఆమె? ఎందుకట్ల ఒర్రుతాంది?" అని అడిగింది. భారతి ఫోన్‌ను కూతురి చేతికిచ్చి పిల్లను దగ్గరికి లాక్కుంది.

సోమవారం హసన్‌పర్తి దగ్గరి కొత్త బడిలో చేరింది. హెడ్మాస్టర్ కిషన్ రావు కుర్చీ చూపించాడు కానీ ముఖం మీద నవ్వు లేదు. టేబుల్ మీద ఆ పేపరు మడిచి ఉంది.

"మీరేనా అమ్మా, ఈ టీచరు?" అన్నాడు.

"నేనే సార్."

"ఊరు ఊరంతా కదిలొచ్చి వద్దన్నరంటే... ఏం జరిగిందో నేను తెలుసుకోవాలె కదా. మా దగ్గర కూడా పిల్లలున్నరు."

భారతి తల దించుకోలేదు. అలా అడుగుతారని తెలిసే వచ్చింది. రాత్రంతా వివరణ సిద్ధం చేసుకుంది కూడా. తీరా అక్కడ కూర్చున్నాక అదంతా ఎందుకో చిన్నగా అనిపించింది.

"వాళ్ళకు నేనంటే పానం సార్" అంది. "ఆ ఫొటోల ఒర్రుతాంది చూడుండ్రి, ఆమెనే నన్ను మీ దగ్గరికి పంపింది."

కిషన్ రావు ఒకసారి పేపరు వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. ఏమీ అర్థం కాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీరు చదువుడు అయిపోతే, ఆ పేపర్ నాకిస్తరా సార్?" అని చెయ్యి చాచింది భారతి.