తండ్రి నంబరు మీద

సీతారాములు కీబోర్డును బోర్లించి దులుపుతున్నాడు. గద్వాలలోని ఆ నేతగాళ్ల సంఘం ఆఫీసులో నూలు ధూళి ఎంతంటే, కొన్నాళ్లు దులపకుండా వదిలేస్తే అందులోంచి ఒక తువ్వాలు నేయవచ్చని ఆయన లెక్క. బక్క మనిషి. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని మోకాళ్లు చెడితే, సంఘంవాళ్లు కంప్యూటర్ నేర్పించి కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీలోనూ ఆయన పాదాలు తొక్కుడుచెక్కల కోసం వెతుకుతున్నట్టు కదులుతూనే ఉంటాయి.

పొద్దుటి నుంచి రొమ్ములో ఏదో బరువు. ఆ నేరాన్ని నిన్నటి మిర్చిబజ్జీ మీదికి తోసేశాడు.

కొత్తగా చేరిన ఆపరేటర్ వర్షకు పని నేర్పాలి. ఆయన ఉండే వీధి అమ్మాయే.

"టేబుల్ అంటే పడుగు పేకనే బిడ్డా. నిలువుకు కాలమ్‌లు, అడ్డానికి రోలు. ఒక్కో రో ఒక్కో నేతగాడు. పేరు ఒక కాలమ్‌ల, ఊరు ఇంకో కాలమ్‌ల."

"మన వాడకట్టులనే ముగ్గురు సీతారాములున్నరు గద పెదనాయినా. ఎవరేందో ఎట్ల తెలుస్తది?"

"అందుకే మగ్గం నంబరు. దాన్నే ప్రైమరీ కీ అంటరు. పేర్లు కలుస్తయి, మొఖాలు కలుస్తయి, కీ కలువది. మా తాత సన్నని చీర నేసి అగ్గిపెట్టెల మడతవెడ్తుంటే మా నాయనమ్మ గూడ అండ్ల మడతవడ్డది. ఊర్ల గసొంటి పెట్టెలు ఎన్నో. పెట్టెకో నంబరుంటే ముసల్ది తిప్పలవడకుండ దొరికేది."

వర్ష నవ్వింది. ఆయన రెండో టేబుల్ తెరిచాడు. అది కండెలు చుట్టే ఆడవాళ్లది. ప్రతి రోలోనూ ఆమె ఏ మగ్గానికి చుడుతుందో ఆ మగ్గం నంబరు ఉంది.

"ఇది ఫారిన్ కీ. మన చీరల అంచు పట్టు, ఒళ్లు నూలు. రెంటినీ పోగుకు పోగు కొండివెట్టి కలుపుతం గద. గట్లనే ఈ నంబరు రెండు టేబుళ్లను పట్టుకుంటది."

"మగ్గం రో తీసేస్తే?"

"దాన్ని పట్టుకున్న రోలన్ని దానెంబడే పోతయి."

వర్ష ఆ మాటను కాగితం మీద రాసుకుంది.

పై ఆఫీసు నుంచి కబురు అప్పటికే వచ్చి ఉంది. చనిపోయిన నేతగాళ్ల రోలను సాయంత్రం కంప్యూటరే తుడిచేస్తుంది. అవి ఎర్రగా కనిపిస్తాయి. వర్ష వాటిని చూసుకుంటూ వచ్చి ఆగిపోయింది.

"పెదనాయినా, నీ రో ఎర్రగున్నది."

"ఏమంటున్నది?"

"మరణించినరు అని."

సీతారాములు కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. నేతగాడు పాత పడుగు అయిపోయినా మగ్గాన్ని ఖాళీ చేయడు. చివరి పోగులను అలాగే ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటే వాటికి అతుకుతాడు. ఖాళీ మగ్గం ఇంటికి మంచిది కాదు. తండ్రి పోయినప్పుడు సీతారాములు కంప్యూటర్‌లోనూ అదే చేశాడు. కొత్త రో వేయకుండా, పాత రోలో తండ్రి పేరు చెరిపి తన పేరు కొట్టాడు. నంబరు తండ్రిదే. పై ఆఫీసు పంపిన చావుల టేబుల్లో ఉన్నదీ ఆ నంబరే. కంప్యూటర్ పేరు అడగదు, కీ అడుగుతుంది.

"ఇన్నేండ్లు సచ్చినోని నంబరుల కూసున్నవా?"

"అందుకేనేమో, ఆకలి తక్కువ," అన్నాడు గాని ముఖంలో నవ్వు లేదు.

ఆ నంబరును పట్టుకుని ఉన్నది ఆయన భార్య చిన్నమ్మ. రెండు కళ్లలోనూ శుక్లాలు. తడుముకుంటూ కండెలు చుడుతుంది. ఎల్లుండి వనపర్తి దవాఖానలో ఆపరేషన్. ఆమె రో ఉంటేనే సంఘం ఇచ్చిన ఆరోగ్య కార్డు పనిచేస్తుంది.

"ముందు నీది సక్కజేస్త," అంది వర్ష.

"వద్దు. ఇంట్ల మగ్గమొకటే, దానికి కీ ఒకటే. నాకేసి మల్ల ఆమెను కలిపేసరికి తుడుపు వస్తది. కొత్త నంబరేసి చిన్నమ్మ పేరు మీద ఎక్కియ్."

కరెంటు పోయింది. వచ్చింది. తెరపై చక్రం తిరుగుతూ ఉంది. బయట ఎండ గోడ దిగుతోంది. చిన్నమ్మ పేరు పచ్చగా మారగానే వర్ష ఆయన వైపు తిరిగింది.

"మరి నువ్వు?"

"రేపు ఆమె కింద ఎక్కియ్. పెండ్లయిన కాన్నుంచి గాడనే ఉన్న."

ఇంకో రో తెరిచే లోపే తుడుపు మొదలైంది. ఎర్ర రోలు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా పోయాయి. ఆయనది పోయిన చోట కింది రో పైకి జరిగి కూర్చుంది. అక్కడ ఎవరూ ఉన్న గుర్తే లేదు.

సీతారాములు లేచి, గోడ పట్టుకుని నిలబడి, తర్వాత ఇంటికి నడిచాడు.

చిన్నమ్మ వాకిట్లో రాట్నం తిప్పుతోంది.

"ఏమే, ఇయ్యాల్టి సంది మగ్గం నీదే. నన్ను కూలికి పెట్టుకుంటవా?"

"పని జూసి చెప్త," అంది ఆమె తల తిప్పకుండా.

ఆయన లోపలికి పోయి గుంటలోకి దిగాడు. కొత్త పడుగు అతికే పని మిగిలి ఉంది. చిన్నమ్మ చాయ కాచి పిలిచింది. ఆయన పలకలేదు. మళ్లీ పిలిచింది.

"సచ్చినట్టు నాటకాలాడకు, సల్లగైతది."

పొద్దుగూకి వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. చిన్నమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది. ముందుకు ఒరిగిన భుజం తగిలింది, తర్వాత మెడ. చేయి అక్కడే ఉంచి కూర్చుండిపోయింది. కంప్యూటర్ జర ముందుగా చెప్పింది, అంతే.

ఆమె మోకాలి పక్కన, పోగులు మెలేసేటప్పుడు వేళ్లు జారకుండా అద్దుకునే బూడిద చిప్ప ఉంది. బూడిదలో ఆయన బొటనవేలు, చూపుడువేలు దిగిన రెండు గుంటలు, అంచులు రాలకుండా, అలాగే ఉన్నాయి.