మార్చి రెండు, శనివారం

లస్మయ్య ఇంటి గోడకు ఈ ఏడాది వేలాడుతున్నది పదకొండేళ్ల కిందటి క్యాలెండర్. 2026 నడుస్తుంటే 2015 చూసుకొని బతికే ఇల్లు లింగాల ఘనపూర్ మండలం మొత్తంలో అదొక్కటే ఉండొచ్చు. ఎవరైనా నవ్వితే లస్మయ్య గోడ దగ్గరికి తీసుకుపోయి వేలు పెట్టి చూపించేవాడు.

"తారీకు సూడు, వారం సూడు. తేడా ఉంటె చెప్పు."

తేడా ఉండేది కాదు. రెండు ఏళ్లలోనూ జనవరి ఒకటి గురువారమే, డిసెంబరు ముప్పై ఒకటీ గురువారమే. పండుగలు, అమావాస్యలు మాత్రం కలవవు. వాటి కోసం అతని భార్య యాకమ్మ పక్కింటి చంద్రిని అడిగి వచ్చేది.

"ఈయనకేమో తారీకులు కావాలె, నాకేమో అమాస కావాలె. ఒక్క సంసారానికి రెండిండ్ల గోడలు సూడవడితిమి" అని సణిగేది.

కొత్త క్యాలెండర్ కొనే తాహతు లేక కాదు. అది ఊరికే వచ్చేది, అదే తంటా. మాజీ సర్పంచ్ వెంకట్రాం ప్రతి జనవరిలో ఇంటింటికీ పంచేవాడు. సగం కాగితం నిండా ఆయన ముఖం, మిగిలిన సగంలో పన్నెండు నెలలు ఇరుక్కొని ఉండేవి. లస్మయ్యకు రోడ్డు పక్కన ఎకరం పది గుంటల మెట్ట చెలక ఉంది. దాని పక్కదే వెంకట్రాం పొలం. ఒక ఏడు ఆయన ట్రాక్టరు గెట్టు దాటి రెండు సాళ్లు లోపలికి దున్నింది. అడిగితే డ్రైవరుకు కండ్లు కనపడలేదన్నాడు. ఆ జనవరిలో క్యాలెండర్ ఇంటికొచ్చినప్పుడు లస్మయ్య చేయి చాపలేదు.

"పొద్దుగాల లేచి నీ మొకం సూసుడు నాతోని కాదు పటేలా" అన్నాడు నలుగురిలో. అప్పటి నుంచి అంగళ్లలో షాపులవాళ్లు ఎప్పుడో ఇచ్చిన పాత క్యాలెండర్లే.

లస్మయ్య చదివింది నాలుగో తరగతి. ఆ తర్వాత బర్ల వెంట పోయాడు, పెళ్లయ్యాక అంగళ్ల వెంట పోయాడు. సోమవారం ఒక ఊరి అంగడి, మంగళవారం ఇంకో ఊరిది, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ బస్తాలు మోసుకొని వారమంతా తిరగడమే. సొంత ఊళ్లో అంగడి శనివారం. ముప్పై ఏళ్లుగా వారాల మీదే బతికినవాడికి వారాలతో పనేమిటో చదువుకున్నవాళ్లకు చెప్పనక్కర్లేదని అతని లెక్క.

క్యాలెండర్లు తిరిగొచ్చే లెక్క నేర్పింది మాత్రం కూతురు స్వప్న. 1996 ఫిబ్రవరి ఇరవై తొమ్మిది, గురువారం పుట్టింది. తొలి కాన్పు గనక యాకమ్మ పుట్టింట్లో, మానుకోట దగ్గర. నాలుగేళ్లకోసారి వచ్చే పుట్టినరోజు. ఊరంతా ఆ పిల్లను ఆటపట్టించేది. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు, "నాయినా, నేను పుట్టిన గురువారమే నా పుట్టినరోజు మల్ల ఎప్పుడొస్తది?" అని అడిగింది. సమాధానం కోసం లస్మయ్య చాలా రోజులు వేళ్లు మడిచాడు. ఏడాదికి యాభై రెండు వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది. అందుకే ప్రతి తారీకూ ఏడాదికి ఒక రోజు ముందుకు జరుగుతుంది, గురువారం ఉన్నది శుక్రవారం అవుతుంది. మధ్యలో ఫిబ్రవరి ఇరవై తొమ్మిది వస్తే రెండు జరుగుతుంది. లీపు సంవత్సరం క్యాలెండర్ మళ్లీ అచ్చంగా రావాలంటే ఇరవై ఎనిమిదేళ్లు పడుతుంది. మామూలు ఏళ్లు చాలావాటికి పదకొండు చాలు.

"రెండువేల ఇరవై నాలుగుల వస్తది బిడ్డా" అని చెప్పాడు. వచ్చింది. ఆ ఏడు, కాన్పప్పుడు మానుకోటలో మామ ఇచ్చిన 1996 క్యాలెండర్‌ను పెట్టెలోంచి తీసి గోడకు కొట్టాడు. ఇరవై తొమ్మిది అంకె పక్కన అత్త పెట్టిన కుంకుమ బొట్టు నల్లబడి ఇంకా ఉంది. మొగుళ్లపల్లి అత్తగారింటి నుంచి స్వప్న వచ్చి, ఆ బొట్టు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది.

ఫిబ్రవరి మొదట్లో మండల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. లస్మయ్య తండ్రి ముత్తిలింగం ఆ ఎకరం పది గుంటలను వెంకట్రాంకు ఎప్పుడో అమ్మేశాడట. సాదా కాగితం మీద రాసుకున్న సాదా బైనామా ఉందట. దాన్ని ఇప్పుడు పట్టా చేయమని వెంకట్రాం దరఖాస్తు పెట్టాడు. అభ్యంతరం ఉంటే పద్దెనిమిదో తారీకు బుధవారం వచ్చి చెప్పుకోవాలి.

ముత్తిలింగం చనిపోయి పద్నాలుగేళ్లు. కాగితం మీద సాక్షులు ఇద్దరూ చనిపోయారు. రాసినాయన కూడా చనిపోయాడు. లస్మయ్య జిరాక్సు తెచ్చుకొని అరుగు మీద కూర్చొని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. కింద వేలిముద్ర ఉంది, నల్లగా, ఎవరిదైనా కావొచ్చు.

"మామ అమ్మిండా?" అంది యాకమ్మ.

"అమ్మితే పదహారేండ్లు ఆ చెలకలనే కందులెందుకు ఏసిండు?"

"గది నీకెర్క, నాకెర్క. ఆఫీసోల్లకెట్ల ఎర్కైతది?"

అతను మళ్లీ పైనుంచి చదివాడు. '1996వ సంవత్సరం మార్చి 2వ తేదీ, శుక్రవారం' దగ్గర వేలు ఆగింది.

"ఏమైందయ్యా?"

"స్వప్న పుట్టింది గురువారం, ఇరవై తొమ్మిది. తెల్లారి ఒకటి, శుక్రవారం. రెండు ఏమారం?"

"శనివారం."

"మరి గీడ సుక్కురారం రాసిండు."

పెట్టెలోంచి 1996 తీశాడు. మార్చి రెండు శనివారమే. అతనికి సంతోషం కంటే ముందు ఒళ్లు మండింది. శుక్రవారం ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు ఏ గోడ చూసి రాశారు? పదకొండేళ్ల చొప్పున ముందుకు లెక్క కట్టాడు. 2007. 2018. మూడు ఏళ్లూ జనవరి ఒకటి సోమవారమే. చూసినవాడికి మూడూ ఒకటే అనిపిస్తాయి, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది దాకా.

"చిరంజీవిగాడు" అన్నాడు.

చిరంజీవి మండలంలో దస్తావేజులు రాసేవాడు. వెంకట్రాం పనులన్నీ అతనివే. రెండేళ్ల కింద చాయ్ హోటల్లో లస్మయ్య పక్కన కూర్చొని, "అన్నా, నీ క్యాలెండర్ల మర్మం ఏందే?" అని అడిగి అడిగి చెప్పించుకున్నాడు. "పదకొండు ఏండ్లు" అన్న దగ్గరే చాయ్ అయిపోయింది, లేచి వెళ్లిపోయాడు. ఇరవై ఎనిమిది మాట వినలేదు.

"ఫోన్ల సూసుకుంటె అయిపోయేది గదా" అంది యాకమ్మ.

"ఫోన్ల సూసుడెందుకు, లస్మన్న లెక్క ఉన్నది గదా అనుకున్నడు. వానికి సగం నేర్పింది నేనే."

ఇంకోటి కూడా అర్థమైంది. స్వప్న పుట్టినప్పుడు లస్మయ్య ఊళ్లో లేడని, మానుకోటలో ఉన్నాడని ఊరందరికీ తెలుసు, ఆ పుట్టినరోజు అంత పేరుపడింది. కొడుకు లేని సమయంలో తండ్రి అమ్ముకున్నాడని చెప్పడానికే ఆ తారీకు ఏరుకున్నారు. ఇరవై తొమ్మిదిని అడ్డం పెట్టుకొని తారీకు వెతికి, ఇరవై తొమ్మిది లేని క్యాలెండర్ చూసి వారం రాశారు.

లస్మయ్య లేచి చంద్రి ఇంటికి పోయాడు. పాత క్యాలెండర్లను ఆమె గిన్నెల అర మీద పరుస్తుంది.

"రెండువేల పద్దెనిమిదిది ఉన్నదా చెల్లె?"

"ఉన్నది. పటేలు మొకం మీద పప్పు గిన్నె పెట్టిన. ఎందుకే?"

"జర గిన్నె తియ్యి."

పద్దెనిమిదో తారీకు ఆఫీసు వరండాలో వెంకట్రాం ఎదురొచ్చాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. వెనక చిరంజీవి ఫైలు పట్టుకొని నిలబడ్డాడు.

"లస్మా, కొట్లాట మంచిది కాదురా. పది గుంటలు నీకు ఇడిసిపెడ్త. ఒప్పుకొని సంతకం పెట్టు."

"నా భూమిల నాకు పది గుంటలు ఇచ్చుటానికి నువ్వెవలివి పటేలా?"

"నోరు లేస్తున్నది."

"ముప్పై ఏండ్లు అంగట్ల అమ్మిన నోరు. లెవ్వక ఏంజేస్తది?"

లోపల విచారణ చేస్తున్న అధికారి పేరు పద్మలత. కళ్లజోడు పైకి తోసుకుంటూ కాగితాలు తిరగేసింది. వెంకట్రాం చెప్పవలసింది చెప్పాడు. ముత్తిలింగం మంచివాడని, మాట మీద నిలబడేవాడని కూడా చెప్పాడు. తర్వాత ఆమె లస్మయ్య వైపు చూసింది. అతను సంచిలోంచి 1996 క్యాలెండర్ తీసి టేబుల్ మీద పరిచాడు.

"మేడం, గా కాయితంల మార్చి రెండు సుక్కురారం అని ఉన్నది. గీడ సూడుండ్లి."

ఆమె చూసింది. నమ్మకం కుదరక ఫోను తీసి అందులోనూ చూసింది.

"శనివారమే" అంది.

వెంకట్రాం నవ్వాడు. "రాసినాయన ముసలాయన మేడం. వారం మర్సిపోయి ఉంటడు. గంత దానికి భూమి కాయితం తప్పైతదా?"

అదీ నిజమే అన్నట్టు ఆమె పెన్ను తిప్పింది. "వారం పొరపాటు ఎవరైనా రాయొచ్చు కదండీ" అంది లస్మయ్యతో.

లస్మయ్య పెన్ను వైపే చూశాడు. ఎకరం పది గుంటలు ఆ పెన్ను చివర వేలాడుతున్నట్టు అనిపించింది. అయినా గొంతు తగ్గించలేదు.

"మేడం, శనివారం మా ఊరి అంగడి. రచ్చ కాడికెల్లి దర్వాజ దాక దుకాణాలే. ముసలోల్లకు, చంటి పిల్లలకు సుత ఆ దినం ఏందో ఎర్కనే. అంగడి నడుమ కూసొని ఇయ్యాల సుక్కురారం అని రాసే మనిషి ఉంటడా? ఆ దినమే రాసినోనికి వారం చెప్పుటానికి క్యాలెండర్ అక్కెర లేదు. ఎన్నో ఏండ్లకు కూసొని రాసినోనికే క్యాలెండర్ కావాలె. వాడు సూసిన క్యాలెండర్ నేను తెచ్చిన."

పప్పు మరకలున్న రెండో క్యాలెండర్ పరిచాడు. 2018. సగం కాగితం నిండా వెంకట్రాం నవ్వుతున్నాడు.

"పటేలు పంచిందే. రెండిట్ల జనవరి ఒకటి సోమవారం. ఫిబ్రవరి దాక అచ్చం ఒక్కతీరు. పదకొండు, పదకొండు కలిపి గిది పట్టిండ్లు. మార్చి రెండు ఏమారమున్నదో సూడుండ్లి."

ఆమె వేలు కిందికి జారింది. శుక్రవారం.

"తొంభై ఆరుల ఇరవై తొమ్మిది ఉన్నది. గీ పద్దెనిమిదిల లేదు. నా బిడ్డ పుట్టిన రోజు మింగి రాసిన కాయితం ఇది. లీపు సంవత్సరానికి పదకొండు పనిచెయ్యది, ఇరవై ఎనిమిది కావాలె."

పద్మలత రెండు మార్చి నెలలనూ పక్కపక్కన పెట్టి చూసి, తలెత్తి చిరంజీవిని అడిగింది.

"మీరేమంటారు?"

"నాకేం తెల్వదు మేడం. నేను ఉత్త ఫైలు తెచ్చిన."

అంటూనే అతని చూపు లస్మయ్య మీద పడింది. "ఇరవై ఎనిమిదా?" అన్నాడు మెల్లగా, తనలో తాను. ఆ మాట గదిలో అందరికీ వినబడింది. వెంకట్రాం మెడ తిప్పి అతణ్ని చూసిన చూపుకు చిరంజీవి చేతిలో ఫైలు కిందికి జారింది.

ఆమె ఇంకేమీ అడగలేదు. రెండు క్యాలెండర్లూ ఫైల్లో పెట్టాలంది. లస్మయ్య 2018 ఇచ్చాడు. 1996 మీద చెయ్యి మాత్రం తీయలేదు.

"గిది ఇయ్య మేడం. ఫొటో తీసుకోండ్లి."

ఆమె కుంకుమ బొట్టు చూసింది. ఫొటోనే తీసుకుంది.

వరండాలో వెంకట్రాం ఆగాడు. "గీడితోని అయిపోలేదు లస్మా. పై ఆఫీసుకు పోత."

"పో పటేలా. పోయేటప్పుడు జర కాయితాలు రాసే కొత్త మున్షిని ఎంబడి తోల్కపో. గీనెకు లెక్క సగమే అచ్చింది" అన్నాడు లస్మయ్య చిరంజీవి వైపు గడ్డం ఎత్తి.

ఇంటికి రాగానే చంద్రి గుమ్మంలోనే పట్టుకుంది. "నా అర మీది కాయితం ఏదే?"

"సర్కారు బీరువలకు పోయింది. పటేలు మొకం గిప్పుడు బందోబస్తుల ఉన్నది."

"మరి నా గిన్నెలు?"

"ఈ ఏటిది నీకు ఇచ్చిపోయిండు గదా, గది పరుసుకో."

నెల దాటాక ఆర్డరు వచ్చింది. లస్మయ్య అరుగు మీద కూర్చొని, యాకమ్మ పక్కన నిలబడి వింటుంటే, కూడబలుక్కుంటూ చదివాడు. 'దరఖాస్తు తిరస్కరించడమైనది' దగ్గర యాకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అతను మాత్రం చదవడం ఆపలేదు. కింద సంతకం పక్కన తారీకు ఉంది. 23-03-2026, సోమవారం.

లేచి లోపలికి పోయాడు. గోడ మీది 2015లో మార్చి ఇరవై మూడు మీద వేలు పెట్టాడు.

"ఇంకా సూసుడెందుకయ్యా, గెలిచినం గదా" అంది యాకమ్మ.

"ఎవలు రాసినా సూడాలె."

సోమవారమే. అప్పుడు ఆ కాగితాన్ని మడిచి, పెట్టెలో 1996 క్యాలెండర్ పక్కన పెట్టి మూత వేశాడు.