మంత్రగత్తెలు లేని నాటకం

బెల్లం దిమ్మల నడుమ తెర వేలాడుతోంది. ఆ తెర వెనక మా కొట్టు ఉందో, కొట్టు లోపలే నాటకం స్టేజీ ఉందో నాకు తేలడం లేదు, నడుస్తున్నకొద్దీ కాళ్ల కింద గోనెసంచులు బల్లచెక్కలవుతున్నాయి. కాటా మీద సేనాని వేషంలో ఒకాయన కూర్చుని, సగం గడ్డం అతికించుకుని, మిగతా సగం చేత్తో పట్టుకుని ఉన్నాడు. మా పైడయ్య బావ, మా అక్క మొగుడు. అనకాపల్లిలో ఇరవై రెండేళ్లు నాతో కలిసి బెల్లం వ్యాపారం చేసినవాడు. పోయి రెండేళ్లయింది. అంత మనిషి కూర్చున్నా కాటా ముల్లు కదలడం లేదు, అది నాకు వింతగానూ లేదు; పోయినవాడికి తూకమేముంటుంది.

"నూకరాజూ, ఆ ముగ్గురు చిల్లంగి ముసలమ్మలూ ఏరి? ఆళ్లు రాకుండా నానెలా ఎల్తాను?" అంటాడు.

వర్తకుల సంఘం వార్షికోత్సవానికి మేమాడిన నాటకం అది. ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై 'నువ్వు రాజువవుతావు' అంటే, తన ఇంటికి చుట్టంగా వచ్చిన రాజును నిద్రలో పొడిచిన సేనాని కథ. సేనాని వేషం బావది, ఆడించింది నేను. మంత్రగత్తెల రంగమంతా, సరుకు చీటీల మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిలుతో అడ్డంగా కొట్టేసింది కూడా నేనే.

"ఆళ్లని కోసీసేను కదా బావా. ఆశ ఉన్నోడికి చిల్లంగి ఎందుకు, కత్తుంటే చాలదా అన్నాను."

"బాగానే అన్నావు. తెర లేవగానే కత్తట్టుకుని వచ్చీసేను. ఎవులూ సెప్పకుండా, ఎవులూ ఉసిగొల్పకుండా. ఏడాది దాకా సంతలో నన్ను సూసి, చుట్టాన్ని పొడిసినోడు అనీవారు. మీ అప్ప కూడా నా పక్కన కూకోడానికి బయపడిపోయీది."

నవ్వుతాడు. స్టేజీ మీద పొగ లేస్తుంది, ఆ పొగలోంచి, బావ బతికుండగా నా చెయ్యి చూసి జోస్యం చెప్పిన ఎరుకలసాని వస్తుందనుకుంటాను, ఆమె రాదు, ఆమె సన్నపు కర్ర ఒక్కటే వచ్చి నా అరచేతి మీద ఆనుతుంది, అంతలో పొగ మా కొట్టు బోర్డవుతుంది, దాని మీద మా ఇద్దరి పేర్లూ ఇంకా ఉన్నాయి.

"నీకేటి సెప్పిందది?"

"ఈ కొట్టు మీద ఒక్క పేరే నిలుస్తాదంది."

"రెండోది కొట్టీమందా?"

"అన్లేదు."

పెయింటరుకిచ్చిన కాగితం మీద బావ పేరు కొట్టేసింది కూడా ఆ నీలం పెన్సిలుతోనే.

"దసరాకి నన్ను కొట్లోంచి పంపీసేవు. శివరాత్రికి నానే లేను. ఆ నాలుగు నెల్లు ఊరుకుంటే ఒక్క పేరే మిగిలీది కదరా, నీ చెయ్యి అంటకుండా."

పంపకపోతే పోయేవాడివా, కాదా అని అడగాలి. రెండేళ్లుగా ఆ ప్రశ్నే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

"రాసిపెట్టుంది బావా," అంటాను. "ఆమె నోట పలికింది, నా చేతిలో ఏటీ లేదు. అంతేనని నువ్వొక్కసారి అను. అంటే నానింక నిద్రపోతాను."

బావ మిగతా సగం గడ్డం తాపీగా అతికించుకుంటాడు, అద్దం లేకపోయినా వంకర పోకుండా.

"నా నాటకంలో చిల్లంగిని కోసీసేవు. నీ దాన్లో ఉంచుకున్నావు. గట్టి బేరగాడివిరా నూకరాజూ." లేస్తాడు. ముల్లు అప్పుడూ కదలదు. "ఏదీ, చెయ్యి సూపించు."

చెయ్యి తెరవబోతుంటే, నాటకం మొదలని చెప్పే మూడో గంట మోగుతుంది.

మోగింది గంట కాదు, మూటలు మోసే కళాసీ కాటా మీద పడేసిన ఇనప తూకపు గుండు. మధ్యాహ్నం మూడయింది, గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి కునికినట్టున్నాను. చీటీలు రాసిన నీలం పెన్సిలు పిడికిట్లోనే ఉంది. వేళ్లు విప్పి చూశాను. చెమటకి తడిసి, అరచేతి గీతలన్నిటి మీదుగా, అడ్డంగా, ఒక నీలం గీత. పొద్దుటి నుంచీ ఆ చెయ్యి నేను ఏ ఎరుకలసానికీ చూపించలేదు; ఆ గీత నేను గీసుకున్నదే.